సున్నం పూసిన రాళ్లు

1974 సెప్టెంబర్ 1, ఆదివారం

వాన సున్నం కడిగేసింది. రాళ్ల మీద గుర్తులు బయటపడ్డాయి. అన్నీ కత్తెర గుర్తులే, ఇంటూ మార్కులా రెండు గీతలు. ఉలితో లోతుగా కొట్టినవి.

పొద్దున ఎనిమిదో తరగతి పిల్లల్ని తుమ్మల చెరువుకు తీసుకెళ్లాను, జూలైలో నాటిన మొక్కలు చూపిద్దామని. పద్దెనిమిది మంది. చార్మినార్ దగ్గర బస్సు ఎక్కించేసరికే నా గొంతు పోయింది. కంచన్‌బాగ్ దాటాక కిటికీ సీట్ల కోసం లొల్లి. మొక్కల్లో సగం మేకలు తినేశాయి. పోనీ, అది కాదు ఇప్పుడు.

కట్ట మీద నర్సయ్య కూర్చుని ఉన్నాడు. చెరువు నీరటి. తూము తెరిచేదీ మూసేదీ, ఏ మడికి ఎంతసేపు నీళ్లో చెప్పేదీ ఆయనే. తండ్రి పనీ అదేనట. జూలై నుంచి నెల పైన జ్వరంతో మంచం పట్టాడు. మనిషి సగమయ్యాడు.

"పంతులమ్మా, గీ రాళ్లు ఎవరు పీకిండ్రో నీకెర్కనా?"

కట్ట మీద దారికి అటూ ఇటూ పేర్చిన పదకొండు రాళ్లు.

"ఏ రాళ్లు?" అన్నాను.

ఏ రాళ్లు అన్నాను నేను!

"శిఖం రాళ్లు తల్లీ. చెరువు నిండితే నీళ్లు యాడిదాంక వస్తయో ఆడ పాతిండ్రు, నైజాం జమానాల. రాయి దాటి ఎవ్వడు లోపటికి రావొద్దు. వాగుకు అడ్డం ఏదీ కట్టొద్దు. ఇగ రాయే లేకపాయె, ఎవ్వన్ని ఆపుతం?"

చెయ్యి చాపి చూపించాడు. వాగు వచ్చి చెరువులో కలిసే వైపు ఒక ట్రాక్టరు. నేలలో మేకులు, మేకులకు తాళ్లు. ప్లాట్లు కోస్తున్నారు. వాగు పూడిస్తే చెరువుకు చుక్క రాదు.

పిల్లలు కప్పల వెంట పడ్డారు. నసీమ్ ఒక్కతే నా పక్కన నిలబడి రాళ్లు చూస్తోంది. నా వైపు చూడటం లేదు. దానికి గుర్తుంది.

సెప్టెంబర్ 2

జూలై 13 పేజీ తిప్పాను. నా చేతి రాతే —

"రేపు వనమహోత్సవం. చీఫ్ గెస్ట్ నడిచే దారికి రెండు వైపులా రాళ్లు పేర్పించాను. పోయినవారం వాగు వైపు వరసగా చూసిన చక్కటి చెక్కుడు రాళ్లే పనికొచ్చాయి, మా అదృష్టం. సున్నం, నడుమ ఎర్ర జాజు పట్టీ. పిల్లలు గడ్డపార పట్టి భలే కష్టపడ్డారు. కంటికి ఇంపుగా వచ్చింది."

అదృష్టమట. నా మొహం.

ఎవరొచ్చినా రాళ్లకు సున్నం కొట్టడం మనకు అలవాటు. ఇన్‌స్పెక్టర్ వస్తే సున్నం, మంత్రి వస్తే సున్నం, జెండా పండగకు సున్నం. రాయి ఎవరిదో ఎవరూ అడగరు. వరసగా ఉన్నాయి అని రాసుకున్నదాన్ని, ఎందుకు వరసగా ఉన్నాయి అని అనుకోలేదు. సైన్సు టీచర్ని! "ఎందుకు అని అడగండి" అని ప్రతి సోమవారం బోర్డు మీద రాస్తాను. ఇవాళ కూడా రాశాను.

డైరీలో రాయనిది ఒకటి ఉంది. ఆ రోజు నసీమ్ వచ్చి అడిగింది. అది రాయలేదు. అప్పుడే ఎందుకు రాయలేదో...

సెప్టెంబర్ 5

నిద్ర సరిగా లేదు. టీచర్ల దినోత్సవం అని పిల్లలు గులాబీలు తెచ్చారు. తీసుకున్నాను. ఇంటికొచ్చి కొంగులోంచి తీస్తే అన్నీ నలిగిపోయి ఉన్నాయి.

సెప్టెంబర్ 8, ఆదివారం

సంతకని ఇంట్లో చెప్పి ఒక్కదాన్నే చెరువుకు వెళ్లాను. పాత గుంటలు కనబడితే నర్సయ్యతో కలిసి గుట్టుగా రాళ్లు మళ్లీ పాతించేద్దామని. ఎంత తెలివి! గుట్టుగానట.

ఒక్క గుంట లేదు. ట్రాక్టరు దున్నేసింది. చింత చెట్టు నుంచి వాగు మలుపు దాకా మూడుసార్లు నడిచాను. రాయి ఎక్కడుండేదో ఒక్కటీ గుర్తు రాదు. జూలైలో పిల్లలతో అడుగులు లెక్కపెట్టించింది నేనే, లెక్కలు వాళ్ల నోటుబుక్కుల్లో ఉంటాయి, నా బుర్రలో మాత్రం చీఫ్ గెస్ట్ పూలదండ ఉంది.

నర్సయ్య చూశాడు. "ఏం పోగొట్టుకున్నవ్ పంతులమ్మా?"

"గాజు," అన్నాను. పాపం, ఆయన కూడా వంగి వెతికాడు. కాసేపు కాదు, చాలాసేపు. నడుం పట్టుకుని లేచి, "దొరుకుతది తియ్, ఫికర్ జెయ్యకు" అన్నాడు.

ప్లాట్ల వాళ్లు తాలూకా ఆఫీసులో అర్జీ పెట్టారట. శిఖం అంచున తన మడి పెంచుకోవడానికి నర్సయ్యే రాళ్లు పీకాడని. నీరటి పని తీసేస్తారట. "మా అయ్య గా రాళ్లకు మొక్కి తూము తెరిచేటోడు. నేను పీకుతనా?" అని నన్నే అడిగాడు.

అప్పుడు చెప్పొచ్చు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

వచ్చేటప్పుడు తువ్వాలలో ఎనిమిది సీతాఫలాలు కట్టిచ్చాడు. "పోరగాండ్లకియ్యి. ఆ బుర్ఖా పిల్లకు రెండియ్యి, మంచిగ అడుగుతది అది."

సెప్టెంబర్ 9

పంచాను. నసీమ్‌కు రెండు. నేను తినలేదు. అదేదో గొప్ప త్యాగమైనట్టు.

సెప్టెంబర్ 12, గురువారం

హెడ్‌మిస్ట్రెస్ పిలిచింది. తాలూకా ఆఫీసు నుంచి కాగితం. వనమహోత్సవం నాడు కట్ట మీది రాళ్లు ఎవరు తెచ్చారో స్కూలు తెలపాలి. రాళ్లు బడి వాళ్లే పెట్టారని నర్సయ్య చెప్పాడట. ఊహించాడంతే, చూడలేదు పాపం.

ఆవిడ తలుపు దగ్గరికి వేసి, "చూడమ్మా, పేపర్ల ఫొటో వచ్చింది. కలెక్టరాఫీసు దాంక పేరు పోయింది. ఇప్పుడు గా రాళ్ల కథ తీస్తే పరువేమైతది? ఆడపిల్లలను బయటికి తీస్కపోతున్నవని ఇప్పటికే సగం మంది తల్లిదండ్రులు గుర్రుగున్నరు. ఒక్క మాట బయటికి వచ్చిందంటే, నీ ఆదివారాలు బంద్" అంది.

నా ఆదివారాలు. అది మాత్రం నిజం. మూడేళ్లు గల్లీ గల్లీ తిరిగి, గడప గడపకూ చెప్పి తెచ్చుకున్నవి. నల్లా తిప్పితే గండిపేట నీళ్లు వస్తాయని తెలుసు, గండిపేటకు ఎక్కడి నుంచి వస్తాయో తెలీని పిల్లలు. మొదటిసారి తుమ్మల చెరువులో బుర్ఖాలు నడుముకు చుట్టుకుని మోకాళ్ల దాకా దిగి అరిచిన అరుపు... ఇప్పటికీ వినబడుతుంది. ఆ అరుపు కోసమే నోరు మూసుకుంటున్నాను అని చెప్పుకోవాలనిపిస్తోంది. చెప్పుకుంటున్నాను కూడా.

సెప్టెంబర్ 13

మా ఆయనకు చెప్పాను. అన్నం కలుపుతూ విన్నాడు. ప్లాంటులో సెకండ్ షిఫ్టు, తొందర.

"రాళ్లకు నోరున్నదా? లేదు గదా. ఇగ నువ్వెందుకు తెరుస్తవ్ నోరు?"

"ఆ ముసలాయన పని పోతుంది."

"నీది పోతే?"

లేచి చెయ్యి కడుక్కున్నాడు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ మళ్లీ వెనక్కి తిరిగి, "గింత దానికి ఎవడన్నా దొంగ అయితడా? నువ్వు కావాలని జేసినవా?" అన్నాడు, కొంచెం మెత్తగా. ఆ మెత్తదనానికి ఏడుపొచ్చింది. నేను అడగాలనుకున్నది అది కాదు. ఏమడగాలనుకున్నానో ఇప్పుడు గుర్తు లేదు.

సెప్టెంబర్ 16, సోమవారం

ఇవాళ చేసింది ఇక్కడ రాస్తేనే రేపు అద్దంలో చూసుకోగలను. రాస్తున్నాను.

తాలూకా గుమాస్తా వచ్చాడు. స్టాఫ్ రూములో కూర్చోబెట్టారు. చాయ్ తెప్పించారు. ఆయన అడిగాడు, నేను చెప్పాను, ఆయన రాసుకున్నాడు.

రాళ్లు ఎక్కడివి? — గమనించలేదండి. ఏర్పాట్ల హడావుడిలో ఉన్నాను.

ఎవరు పేర్చారు? — పిల్లలు ఎక్కడివో తెచ్చినట్టున్నారు.

మీరు తెమ్మన్నారా? — లేదండి.

పిల్లల లీడర్ ఎవరు?

నసీమ్ అన్నాను. లీడర్ ఎవరు అనే కదా అడిగాడు. రాళ్లు ఎవరు పీకారని అడగలేదు కదా. చెప్పింది నిజమే కదా... ఎంత నీచంగా పనిచేస్తుంది బుర్ర!

సంతకం పెట్టాను. తల ఎత్తితే గుమ్మంలో చాక్‌పీసుల డబ్బా పట్టుకుని నసీమ్. ఎంతసేపటి నుంచి ఉందో తెలీదు. డబ్బా బల్ల మీద పెట్టి, "టీచర్, తొమ్మిదో క్లాసోల్లు మ్యాప్ అడుగుతున్నరు" అని, వెళ్లిపోయింది.

సెప్టెంబర్ 17

పాఠం చెప్పలేదు. బొమ్మలేసుకోమన్నాను.

సెప్టెంబర్ 20, శుక్రవారం

రంజాన్ మొదలైంది. జుమ్మా నమాజు తర్వాత నసీమ్ వాళ్ల నాన్న బడికి వచ్చాడు. హుస్సేనీ ఆలంలో పుస్తకాలు కుట్టి, అట్టలు వేసి జిల్దు కడతాడు. వేళ్ల సందుల్లో మైదా జిగురు ఎండి ఉంది. కుర్చీ ఇస్తే కూర్చోలేదు.

"మేడమ్, మా ఖాందాన్ల ఎవ్వరం పరాయోల్ల చీజు ముట్టలే. ఇప్పుడు గల్లీల అంటున్నరు, జిల్దుసాజ్ బిడ్డ సర్కారు రాళ్లు ఎత్తుకపోయిందని. మీరు దగ్గరుండి తీస్కపోయిండ్రు గదా. మీరు చెప్పుండ్రి, మా బచ్చీ చోరీ చేసిందా?"

"లేదు భాయ్, అలాంటిదేం లేదు."

"మరి ఎవరు చేసిండ్రు?"

"విచారణ జరుగుతోంది," అన్నాను. విచారణ! గుమాస్తాలా మాట్లాడాను.

ఆయన నన్ను చూశాడు. కోపం లేదు, అదే భరించలేకపోయాను. "సరే మేడమ్. ఇగ ఆదివారం పిల్లను పంపను. చదువుకు పంపుత, చదువు మీద నాకు కోపం లేదు" అని సలాం చేసి వెళ్లాడు. నాకు సలాం చేశాడు!

సెప్టెంబర్ 24

క్వార్టర్లీ పరీక్షలకు ముందు పరిసరాల నోటుబుక్కులు తెప్పించుకున్నాను. ముప్పై ఒకటి. నసీమ్‌ది అట్ట చూస్తేనే తెలుస్తుంది. గళ్ల బట్ట వేసి, దారంతో కుట్టినది, తండ్రి చేతి పని.

తక్కినవాళ్లు చెట్టూ చెరువూ గీసి వదిలేశారు, దీంట్లో జూలై 7 పటం పూర్తిగా ఉంది. చింత చెట్టు, వాగు, అలుగు, పదకొండు రాళ్లు. చెట్టు నుంచి ఒకటో రాయికి ఎనభై నాలుగు అడుగులు. ఒకటి నుంచి రెండుకు అరవై ఒకటి. వాగు మలుపు దగ్గర ఆరోది. అన్నీ ఉన్నాయి. పక్కన చిన్నగా, తన అడుగు పొడవు ఎంతో స్కేలుతో కొలిచి రాసింది. నేను చెప్పనేలేదు ఆ పని. ఈ కాగితం ఒక్కటి చాలు, రేపే ఎవరైనా వెళ్లి రాళ్లు ఉన్నచోటే పాతొచ్చు. చెరువు బతుకుతుంది. నర్సయ్య బతుకుతాడు.

అడుగులన్నీ వేళ్ల మీద కూడుకుంటూ నవ్వుకున్నాను. పేజీ తిప్పాను.

పటం వెనకే జూలై 13. ఉన్నదున్నట్టు దించుతున్నాను —

"ఈ దినము మేము పదకొండు రాళ్లు తెచ్చినాము. ఆరో రాయికి మట్టి తుడిస్తే దాని మీద కత్తెర గుర్తు కనపడినది. ఇది ఎవరిదో అయి ఉంటుంది, తీయవచ్చునా అని నేను టీచరును అడిగినాను. టీచరు ఏమీ కాదు, సున్నం పూస్తే కనపడదు అని చెప్పినారు. మేము సున్నం పూసినాము."

దాని కింద ఎర్ర సిరా. నా సంతకం, జూలై 16 తేదీ. "బాగుంది. దస్తూరి ఇంకా గుండ్రంగా ఉండాలి."

చదివే పెట్టాను సంతకం. చదవకుండా పెట్టాననుకుందామా? అది ఇంకా సిగ్గు.

సెప్టెంబర్ 25

నోటుబుక్కు బీరువాలో, చీరల కింద.

సెప్టెంబర్ 26

తక్కిన ముప్పై పంచేశాను. నసీమ్ చెయ్యి చాపి నిలబడింది. "నీది ఇంకా దిద్దలేదు," అన్నాను.

సెప్టెంబర్ 28, శనివారం

బడి వదిలాక నసీమ్ ఆగింది. రోజా ఉపవాసంలో ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"టీచర్, నా బుక్కుల ఏమున్నదో నాకు యాదికున్నది. మీకు తక్లీఫ్ అయితదంటే ఆ పేజీ చింపుండ్రి."

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"పటం నేను వేరే కాగితం మీద దించి ఇస్త. అడుగులన్నీ నోటికొస్తయ్. కాకపోతే... అబ్బా కుట్టిన బుక్కు అది. ఒక కాగితం చింపితే దాని జోడు కాగితం గూడ ఊడుతది. ఊడనీ, ఏం గాదు."

పదమూడేళ్ల పిల్ల. దాని పేరు గల్లీలో నలుగురి నోట్లో పడేసింది నేను. అది వచ్చి నన్ను కాపాడే ఉపాయం చెబుతోంది! కొత్తగా దించిన పటం చెల్లదని దానికి తెలీదు. ఇప్పుడు రాసింది అంటారు. గొడవ మొదలవక ముందే ఈ పటం ఉందనడానికి ఆ కాగితం మీద ఒక్కటే సాక్ష్యం, నా ఎర్ర సిరా తేదీ.

"వద్దమ్మా, చింపకూడదు" అనాలి. ఒక్క మాట.

"ఆలోచిస్తాను," అన్నాను.

ఆలోచిస్తాను అన్నాను నేను, ఆ పిల్లతో.

అక్టోబర్ 2

గాంధీ జయంతి. సెలవు. గేటు దగ్గర రాళ్లకు సున్నం కొట్టారు.

అక్టోబర్ 3, గురువారం

నర్సయ్యను ఎల్లుండి తాలూకా ఆఫీసుకు రమ్మన్నారట. రాళ్ల జాగాలు చూపించాలి, లేకపోతే ఒప్పుకుంటూ వేలిముద్ర వేయాలి. గుమాస్తాయే వచ్చి హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్పి వెళ్లాడు, ఇక మీకేం ఇబ్బంది లేదని. ఆవిడ నాకు చాయ్ ఇప్పించింది.

చాయ్ వదిలేసి హుస్సేనీ ఆలం వెళ్లాను. జిల్దు దుకాణం. ఆయన పుస్తకం కుడుతున్నాడు. నిలబడే చెప్పాను, మొదటి నుంచి. రాళ్లు నేనే పీకించానని, మీ అమ్మాయి ఆపబోయిందని, గుమాస్తాకు అబద్ధం చెప్పానని. సూది ఆగలేదు. దారం చివర ముడి వేశాకే తల ఎత్తాడు.

"నాకెందుకు చెప్తున్నరు మేడమ్? నా బిడ్డ సంగతి నాకు ఎర్కనే. ఆ ముసలాయనకు చెప్పుండ్రి."

అంతే. ఇంకో పుస్తకం తీసుకున్నాడు.

అక్టోబర్ 4

నసీమ్‌తో, "చింపొద్దు" అన్నాను.

"నేనేం చింపుత టీచర్, బుక్కు మీ తాననే ఉన్నది గదా," అంది.

అక్టోబర్ 5, శనివారం

సెలవు చీటీ పంపి తాలూకా ఆఫీసుకు వెళ్లాను. నోటుబుక్కు సంచిలో. దారంతా సంచిని పొట్టకు ఆనించి పట్టుకున్నాను. ఏం చెప్పాలో వాక్యాలు కూడబలుక్కున్నాను. రాళ్లు నేను తీయించాను. సెప్టెంబర్ పదహారున ఇచ్చిన వాంగ్మూలం అబద్ధం. ఇదిగో పటం. మూడు ముక్కలు. బస్సులో పెదాలు కదుపుతుంటే పక్కావిడ వింతగా చూసింది.

వరండాలో నర్సయ్య. ఉతికిన పంచె, కొత్త తువ్వాల. నన్ను చూసి లేచాడు. "పంతులమ్మా, నా కోసం వచ్చినవా!" అని అక్కడున్న వాళ్లందరికీ చూపించాడు. "మా చెరువు కాడికి పిల్లలను తెస్తది, గీమెనే."

పన్నెండింటికి చప్రాసీ వచ్చి చెప్పాడు. సాబ్ క్యాంపుకు పోయిండు, సోమవారం రాండ్రి.

సోమవారమా! ఈ మూడు ముక్కలు కూడగట్టుకోవడానికి నాకు నెల పట్టింది. సోమవారం దాకా నిలుస్తాయా? నన్ను నేను ఎరుగుదును కదా.

అందుకే అక్కడే, మెట్ల మీద కూర్చుని, నోటుబుక్కు తీశాను. "నర్సయ్యా, ఇది విను." చదివాను. పదకొండు రాళ్లు, కత్తెర గుర్తు, సున్నం పూస్తే కనపడదు. నా సంతకం కూడా చదివాను, దస్తూరి మాట కూడా.

ఆయన మెట్టు మీద గోరుతో గీస్తూ కూర్చున్నాడు.

"ఆ గాజు?" అన్నాడు చివరికి.

"గాజు పోలేదు."

తల ఊపాడు. "మల్లొక్కపారి సదువు" అన్నాడు.

మళ్లీ చదివాను. రెండోసారి తేలికవుతుందనుకున్నాను. కాలేదు. సున్నం దగ్గర ఆగాను. "ఆగకు," అన్నాడు. పూర్తిచేశాను.

బుక్కు ఆయన చేతిలో పెట్టబోయాను. సోమవారం దాకా నీ దగ్గరే ఉండనీ, నా దగ్గర వద్దు, అన్నాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నా తాన దొరికితే గిది గూడ దొంగిలిచ్చిండంటరు. నువ్వే పెట్టుకో."

తల్లీ అనలేదు. పంతులమ్మా అనలేదు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, బస్సు కోసం కూడా చూడకుండా నడుచుకుంటూ పోయాడు.

ఇంటికొచ్చాను. ఈసారి బీరువాలో పెట్టలేదు. వంటింట్లో బియ్యం డబ్బా మీద ఉంది, ఎవరికైనా కనబడేట్టు. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి చూశాడు. తెరిచాడు, ఆ పేజీ దాకా వెళ్లాడు, మూసేసి అక్కడే పెట్టాడు. అగ్గిపెట్టె దాని పక్కనే ఉంటుంది రోజూ. తీసి పై అరలో పెట్టాను.

రేపు ఆదివారం. సోమవారానికి మధ్యలో ఇంకా ఒక రోజంతా ఉంది.